పాప అనని మాటలు

పళ్లెం గచ్చు మీద పడి ఇంకా గింగిరాలు తిరుగుతూనే ఉంది. ఆ మోతకి గుమ్మంలో చెప్పులు విప్పుతున్న డ్రైవరు ఉలిక్కిపడి లోపలికి తొంగి చూశాడు.

మంచం మీద పాప మాత్రం తల తిప్పలేదు.

అతని పాత బూట్ల జతను దిండు మీద పడుకోబెట్టి, తువ్వాలు కప్పి, జో కొడుతోంది. ఎడమ బూటు నిద్రపోయినట్టుంది. కుడిది ఇంకా పోలేదు కాబోలు, దానికి ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ పడ్డాయి.

"చెయ్యి జారిందా అమ్మా?" అన్నాడు.

"మొదటిసారి జారింది. ఇది మూడోసారి. కావాలనే పడేశాను" అంది తల్లి. ఆవిడ గొంతులో కోపం లేదు. అదే అతన్ని భయపెట్టింది.

వంటగది గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చేతిలో గరిటె ఉంది. ఆ గరిటె నుంచి చుక్కలు ఆమె పాదం మీద పడుతున్నాయి. ఆమె చూసుకోవడం లేదు.

"ఆటలో ఉందిలే అమ్మా. పిల్లలు ఆటలో పడితే పక్కన పిడుగు పడినా పట్టించుకోరు."

"పిడుగు దాకా ఎందుకురా, ఇదుగో." ముసలామె పళ్లెం తీసి పాప తల వెనక పెట్టి, చెంచాతో ఠంగున కొట్టింది. పాప ఆ బూటుకి చెవిలాంటి చోట ముద్దు పెట్టుకుంది.

ఆవిడ వచ్చి నాలుగు రోజులైంది. వచ్చింది కూడా ఒకే ఒక్క మాట వినడానికి. ఆవిడ పై పలువరసంతా ఊడిపోయి కట్టుడు పళ్లు పెట్టించుకుందని తెలిసి, పాప "నాన్నమ్మ పళ్లు ఊరెళ్లాయా? ఎప్పుడొస్తాయి?" అని అడిగిందట. కోడలు ఫోన్లో చెబితే ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. రెండు చీరలు సంచిలో కుక్కుకుని మర్నాడే బస్సెక్కింది. దిగినప్పటి నుంచీ రోజుకి పదిసార్లు పళ్లు తీసి పాప ముందు నోరు తెరుస్తోంది. "అడగవే నా తల్లీ, ఎక్కడికెళ్లాయో అడుగు."

పాప ఆ బోసి చిగుళ్లని వేలితో తడిమి చూసింది. తన పళ్లు తడుముకుంది. పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వింది. తర్వాత ఒక బిస్కెట్టు తెచ్చి, నీళ్లలో ముంచి మెత్తబరిచి, నాన్నమ్మ నోట్లో పెట్టింది.

అన్నీ చేసింది. అడగలేదు.

"కొత్త కదా, సిగ్గు అన్నావు" అంది ముసలామె కోడలితో. "సరే అనుకున్నాను. రెండో రోజు జలుబు చేసి గొంతు పట్టేసింది అన్నావు. నిన్న, మీరు పడుకున్నాక ఎంత వాగిందో అన్నావు. నేను పడుకోలేదమ్మా. ఆ పక్కగదిలో మేలుకునే ఉన్నాను. ఇంతకీ ఆ మాట దాని నోటి నుంచి వచ్చిందా?"

పొయ్యి గట్టు మీద గరిటె పెట్టిన చప్పుడు. అంతే.

"అడుగుతోంది కదా అమ్మ, చెప్పు" అన్నాడు డ్రైవరు. అతని గొంతు అతనికే ఎవరిదోలా ఉంది.

"రాలేదు."

"మరి చందమామ మాట? పగటి పూట చందమామని చూసి 'రాత్రి వాళ్లు దీన్నిక్కడ మర్చిపోయారు' అన్నది?"

"అనలేదు."

"'అన్నం నిద్రపోతోంది, లేపొద్దు' అని పళ్లెం తోసేసినది?"

"పళ్లెం తోసేసింది. మాట నాది."

అతను గోడకి ఆనుకున్నాడు. వారానికి ఐదు రోజులు ఊళ్ల మీద ఊళ్లు దాటుకుంటూ దూరపు బస్సు నడిపే మనిషి. ఇంటికొచ్చేది ఏ ఐదో రోజో, ఆరో రోజో. ఏ ఊళ్లో బస్సు ఆగినా ముందు ఫోను తీసేవాడు. "ఇవాళ ఏమంది?" ఆమె చెప్పేది. ఆ ఒక్క మాటని నాలుక మీద పెట్టుకుని, ఉప్పుకల్లులా చప్పరించుకుంటూ మిగతా దారంతా నడిపేవాడు. డిపోలో అందరికీ ఆ మాటలు కంఠతా వచ్చు.

"ఒక్క మాట కూడా లేదా?" అన్నాడు. "అమ్మా అని కూడానా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"రెండున్నరేళ్లు నిండినాయి కదే!" అని ముసలామె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "కడుపున పుట్టినదాని మీద కట్టుకథలల్లి చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందమ్మా?"

పాప మంచం దిగి వచ్చింది. నాన్నమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకోవడం ఆటనుకుంది. తనూ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, నవ్వు మొహంతో ఒక్కొక్కరి ఎదురుగా వెళ్లి నిలబడింది. ఎవరూ నవ్వలేదు. పాప చెయ్యి దించేసింది.

* * *

వంటగది తలుపు దగ్గరకి వేసుకున్నారు. అయినా లాభమేముంది, పలచటి చెక్క తలుపు.

"ఆ మాటలు ఎక్కడివి?" అన్నాడతను.

"కొన్ని బడిలో పిల్లలవి." పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కూడా రెండేళ్లు ఆమె పసిపిల్లల బడిలో టీచరు. "కొన్ని నావి. మొదట్లో వాళ్లవే చెప్పేదాన్ని. అవి అయిపోయాయి. మీరేమో రోజూ అడుగుతారు."

"అడిగితే? లేదని చెప్పలేవా?"

"చెప్పేదాన్నే. మొదటి మాట ఎప్పుడు చెప్పానో గుర్తుందా మీకు?"

అతనికి గుర్తుంది. సైకిల్ మీద వెళ్తున్న ఒక మనిషి తన బస్సు కింద పడి పోయాడు. తప్పు డ్రైవరుది కాదని అందరూ తేల్చారు. అయినా తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ముద్ద ఎత్తితే చెయ్యి వణికేది. ఉద్యోగం మానేస్తానన్నాడు. ఇంకేదేదో కూడా అన్నాడు, ఆ మాటలు ఇప్పుడు తలుచుకోవడానికి కూడా ఇద్దరికీ ఇష్టం లేదు. పదో రోజు పొద్దున ఆమె వచ్చి, పాప 'నాన్న బస్సు' అందని చెప్పింది. అతను లేచి గడ్డం గీసుకున్నాడు.

"ఆ రోజు ఆ మాట మీకు మందులా పనిచేసింది. ఇంకో మాట చెప్పాను. అన్నం తిన్నారు. ఇంకో మాట చెప్పాను. డ్యూటీ ఎక్కారు. ఆపడం ఎప్పుడో నాకు తెలియలేదు."

"అంటే నా కోసమేనన్నమాట. నన్ను నవ్వించడానికి నా కూతుర్ని..." మాట పూర్తి చేయలేక ఆగాడు. "డిపోలో నలభై మందికి చెప్పానే! నా కూతురు ఇలా అంది, నా కూతురు అలా అంది అని. రేపు వాళ్ల మొహం ఎలా చూడాలి?"

ఆమె తల ఎత్తింది.

"డిపో మొహమా? నీకు ఇప్పుడు గుర్తొచ్చింది డిపో మొహమా?"

ఐదేళ్ల కాపురంలో ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. ఇద్దరూ ఆ మాట విన్నారు. తలుపు అవతల ముసలామె కూడా వినే ఉంటుంది. ఆమె మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఏడాదిన్నరగా రోజూ ఫోన్ చేశావు. 'పాప ఏమంది' అన్నావు. 'పాపకి ఫోనివ్వు' అని ఒక్కరోజు అన్నావా? ఒక్కటంటే ఒక్కరోజు? నీ గుండెల మీద చెయ్యేసుకుని చెప్పు."

అతను నోరు తెరిచాడు.

"నిద్రపోతోంది అనో, ఆడుకుంటోంది అనో చెప్పడానికి సాకులు కూడా సిద్ధం చేసుకుని కూర్చునేదాన్ని. ఒక్కటీ వాడాల్సిన పని పడలేదు. ఎందుకు అడగలేదు?"

అతనికి తెలుసు ఎందుకు అడగలేదో.

రెండు నెలల కిందట, సెలవు రోజు, బస్టాండులో కొన్న ప్లాస్టిక్ బూర తీసుకుని ఇంటికొచ్చాడు. పాప వెనక్కి తిరిగి కూర్చుని డబ్బాలన్నిటికీ మూతలు మార్చి పెడుతోంది. ఇంట్లో మూత కనపడితే చాలు, దేనిది దానికి ఉండనివ్వదు. అతను పిల్లిలా వెనకనుంచి వెళ్లి, చెవి పక్కన పెట్టి గట్టిగా ఊదాడు. పాప ఇంకో మూత తీసుకుంది. అతను ఆ బూరని బీరువా మీదకి విసిరేసి, ఆటలో ఉందిలే అనుకున్నాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడూ అనలేదు.

"డాక్టరుకి చూపించాలి" అన్నాడు. "రేపే."

ఆమె నవ్వింది. నవ్వులా లేదది. లోపలికి వెళ్లి, బీరువాలో చీరల అడుగు నుంచి ఒక కాగితం తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టింది.

వినికిడి పరీక్ష చీటీ. రెండు చెవులకూ వినికిడి చాలా తక్కువ. చెవి మిషన్ వెంటనే అమర్చి, మాట నేర్పడం మొదలుపెట్టాలి. ఆలస్యం చేయకూడదు. కింద ఎవరో 'ఆలస్యం' అన్న మాట చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టారు.

తేదీ చూశాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ఏడు నెలలు" అన్నాడు.

"ఏడు నెలలు."

"ఏడు నెలలు చేతిలో పెట్టుకుని... నువ్వు తల్లివేనా?"

తలుపు అవతల ముసలామె దగ్గింది. దగ్గు కాదది.

"మిషన్ చెవికి పెడితే కనపడుతుంది" అంది భార్య. గొంతు తగ్గింది. "కనపడితే చెప్పాలి. చెబితే ఇన్నాళ్లూ మాట్లాడింది ఎవరో చెప్పాలి. ఈసారి వచ్చినప్పుడు చెబుదాం అనుకునేదాన్ని. నువ్వు గుమ్మంలోనే, నవ్వుతూ, కండక్టరు ఏమన్నాడో మొదలుపెట్టేవాడివి. పై వారం అనుకునేదాన్ని. చేసింది పాపమే. కాదనను. నీకంటే ఎక్కువ నేనే తిట్టుకున్నాను."

"సరే. రేపు ముగ్గురం వెళదాం."

"నేను రాను."

"ఏంటి?"

"ఆ రోజు ఒక్కదాన్నే వెళ్లాను. ఆ గాజు గదిలో దాని చెవుల మీద అవేవో పెట్టి మోత మోగిస్తుంటే, అది నా వైపు చూసి నవ్వుతుంటే, అద్దం ఇవతల ఒక్కదాన్నే నిలబడ్డాను. ఆ సాయంత్రమే నువ్వు ఫోన్ చేసి 'ఇవాళ ఏమంది' అన్నావు. చెప్పాను కూడా. ఏం చెప్పానో గుర్తులేదు. నువ్వు నవ్వావు, అది గుర్తుంది." పొయ్యి కట్టేసింది. "ఈసారి నువ్వొక్కడివే వెళ్లు."

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఇంక ఎవరూ మాట్లాడలేదు. పాప మాత్రం నలుగురి చెంబులూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పడగొట్టి, తనే చప్పట్లు కొట్టుకుంది.

* * *

సెలవు అడగడానికి తెల్లవారగానే డిపోకి వెళ్లాడు. చీటీ మీద సంతకం పెట్టించుకుని, ఎవరి కంటా పడకుండా జారుకుందామనుకున్నాడు. కండక్టరు పట్టుకున్నాడు.

"ఏం బావా, డ్యూటీ ఎగ్గొట్టి ఎక్కడికి? మీ అమ్మగారొచ్చారుగా. పళ్లు ఊరెళ్లాయా అని అడిగిందా, లేదా?"

బస్సు కింద పడుకుని బిగిస్తున్న మెకానిక్కు పాన పక్కన పెట్టి, సగం మొహం బయటికి పెట్టాడు. టీ గ్లాసులు పట్టుకున్న ఇద్దరు డ్రైవర్లు దగ్గరికొచ్చారు. అందరి మొహాల్లో నవ్వు ముందే వచ్చి కూర్చుంది.

చెప్పేయాలి. లేదా పని ఉందని వెళ్లిపోవాలి. రెండిట్లో ఒకటి చేయాలి.

"పళ్ల సంగతి వదిలేసింది" అన్నాడు. "మా అమ్మని పట్టుకుని, 'నువ్వు మా నాన్నకి అమ్మవైతే, మరి ఎత్తుకోవేం?' అంది."

మెకానిక్కు బస్సు కింద తల కొట్టుకునేంతగా నవ్వాడు. "ఎత్తుకోమను! ఈ దున్నపోతుని ఎత్తుకోమను!" అని కండక్టరు అతని వీపు మీద చరిచాడు. అతనూ నవ్వాడు.

ఎంత తేలిగ్గా వచ్చిందా మాట! ఆలోచించనైనా లేదు. చెబుతుంటే పాప గొంతు కూడా వినిపించింది, కొంచెం ముద్దముద్దగా, 'ఎత్తుకోవేం' అన్నచోట దీర్ఘం తీస్తూ. నిన్న సాయంత్రం పోయిన ఆ మాటల పిల్ల ఒక్క క్షణం తిరిగొచ్చి మోకాలి దగ్గర నిలబడినట్టయింది.

గేటు దాటాక గోడ పక్కన ఆగి, పొద్దున తాగిన కాఫీ అంతా కక్కేశాడు.

* * *

పాపకి గౌను వెనక బొత్తాలు ముందుకొచ్చేలా తొడిగాడు. నాన్నమ్మ సరిచేయబోతే, "నేను చేస్తాను" అని ఆవిడ చెయ్యి తీసేశాడు. ఆవిడ తనూ వస్తానంది. వద్దన్నాడు. "ఇంకా ఎవరెవర్ని దూరం పెడతారర్రా మీరిద్దరూ?" అంది ముసలామె. 

పడకగది తలుపు వేసి ఉంది. పాప ఆ తలుపు దగ్గరికి వెళ్లి, చెక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత తన చెప్పుల్లో ఒకటి తీసి, తలుపు కింది సందులోంచి లోపలికి తోసింది. లోపల నుంచి ఆ చెప్పు తిరిగి రాలేదు. డ్రైవరు పాపని ఒంటి చెప్పుతోనే ఎత్తుకుని బయల్దేరాడు.

ఆటోలో పాప అతని ఒళ్లో కర్రలా బిగుసుకుని కూర్చుంది. ఏడవలేదు. వెనక్కి, ఇంటి వైపు చూస్తూనే ఉంది. ఇల్లు కనపడకుండా పోయాక అతని మొహం వైపు చూసింది, పక్క సీట్లో కొత్త ప్రయాణికుణ్ణి చూసినట్టు.

"బుడంకాయా" అన్నాడు. ఎప్పుడూ అలాగే పిలిచేవాడు. ఆ పిలుపుతో ఇన్నాళ్లూ పిలిచింది ఫోన్లో విన్న పిల్లనని ఇప్పుడు అతనికి అర్థమైంది.

ఆసుపత్రిలో చెవి పరీక్షల కిటికీ ముందు పదిమంది ఉన్నారు. అతని వంతు వచ్చాక పాత చీటీ లోపలికి ఇచ్చాడు. లోపలున్నామె తేదీ చూసి, తల ఎత్తి అతన్ని చూసి, మళ్లీ తేదీ చూసింది. తిడుతుందేమో అనుకున్నాడు. తిడితే బాగుండేది.

"ఇది పనికిరాదండీ. ఈ వయసు పిల్లలు నెలకో రకంగా మారిపోతారు. కొత్త ఫారం నింపండి. రోజూ పాపని చూసుకునేవాళ్లు నింపాలి. మీరేనా?"

"తండ్రిని."

"సరే, రాయండి."

కిటికీ పక్కనున్న చెక్కబల్ల మీద ఫారం పెట్టుకున్నాడు. పుట్టిన తేదీ రాశాడు. బరువు దగ్గర తడబడి, అంచనా వేసి రాశాడు. తర్వాత: 'పాప స్పష్టంగా పలికే మాటలు'. దాని కింద నాలుగు ఖాళీ గీతలు.

చందమామ, అన్నం, పళ్లు, బస్సు. నాలుగు గీతలు కాదు, నలభై గీతలైనా చాలనంత సరుకు అతని దగ్గరుంది. నాలుగిటి మీదా అడ్డంగా ఒక గీత గీశాడు.  

ఇంక కష్టమైనది అయిపోయిందనుకున్నాడు. పేజీ తిప్పాడు.

'మాటలు లేకపోతే, ఈ కింది వాటిని పాప ఎలా తెలియజేస్తుంది? ఆకలి. దాహం. నిద్ర. నొప్పి. భయం.'

ఒక్కొక్క దాని ఎదురుగా ఒక్కొక్క గీత. చిన్న గీతలే. తెలిసినవాళ్లకి ఒక్క ముక్కలో అయిపోయే జవాబులు.

అతను పాప వైపు చూశాడు. బెంచీ మీద కూర్చుని, పక్కనున్న ముసలాయన చేతికర్రకి తన జేబురుమాలు కప్పుతోంది. ఆయన ముచ్చటపడి ఏదో అంటున్నాడు. పాప ఆయన పెదాల వంక చూస్తోంది.

దాహమైతే ఏం చేస్తుంది? రెండున్నరేళ్లలో ఎన్నో వేలసార్లు దాహం వేసి ఉంటుంది. ఎవరో ఒకరు నీళ్లిచ్చే ఉంటారు. ఆ ఎవరో అతను కాదు.

ఫోను తీశాడు. చాలాసేపు మోగింది. కట్ అవుతుందనగా ఎత్తింది. 

"నేనే" అన్నాడు. "ఇక్కడ అడుగుతున్నారు. పాపకి దాహమైతే ఎలా చెబుతుంది?"

అవతల ఎక్కడో కుళాయి కారుతోంది. 

"చెప్పు. రాయాలి."

"రెండు వేళ్లు చెంప మీద ఆనించుకుంటుంది" అంది చివరికి. "ఆనించుకుని మన మొహంలోకి చూస్తుంది. లేవకపోతే ఆ వేళ్లు తెచ్చి మన చెంప మీద ఆనిస్తుంది. అప్పటికీ లేవలేదనుకో, మన చెయ్యి పట్టుకుని మనచేతే మన చెంప మీద పెట్టిస్తుంది."

ఎంత బాగుందో! అతని పెదవి దానంతటదే నవ్వబోయింది. అలా నవ్వబోతూనే ఆగాడు. ఆ గొంతు అదే. 'అప్పటికీ లేవలేదనుకో' అన్నచోట కొంచెం ఆగి, ఊరించి, చివర్లో పైకి లేచే ఆ గొంతు. ఏడాదిన్నర పాటు రోజూ విన్నది.

"నిజమేనా?" అన్నాడు.

అనకూడదని, అన్నాక తెలిసింది.

ఆమె ఫోను పెట్టేయలేదు. కుళాయి చుక్కలు మాత్రం వినిపిస్తున్నాయి.

"అయిందా అండీ?" కిటికీలోంచి ఆమె పిలిచింది. "వెనక జనం ఉన్నారు. తెలిసినంత వరకు రాసిచ్చేయండి."

పెన్ను ముల్లు 'దాహం' ఎదుటి గీత మీద ఆనించాడు. సిరా అక్కడ చిన్న చుక్కలా ఊరుతోంది.

ఎవరో లాగినట్టయి కిందకి చూశాడు. పాప ఎప్పుడు బెంచీ దిగి వచ్చిందో, అతని చొక్కా అంచు గుప్పిట పట్టుకుని తల పైకెత్తి నిలబడింది. మరో చేతిని తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. చెంప జోలికి పోలేదు. అతని కళ్లలోకి చూసి, ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా, తెరిచి మూసింది.

దాహమో, నిద్రో, భయమో, అమ్మ దగ్గరికి తీసుకెళ్లమనో. పాప ఏదో చెబుతోంది. చాలా స్పష్టంగా చెబుతోంది.